ఏడో గది నక్క

షెల్టరు గేటు లోపలి గోడకు ఒక చెక్కపెట్టె కొట్టి ఉండేది. రోజూ సాయంత్రం నాలుగింటికి డబ్బా అక్క దాని ముందు ఆగి, తన దగ్గర చప్పుడు చేసే వస్తువులన్నీ ఒక్కొక్కటే తీసి అందులో పెట్టేది. ముందు తాళంచెవుల గుత్తి. తర్వాత బీపీ మాత్రల సీసా. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టె, ఎందుకంటే నడుస్తుంటే అందులో కళ్ళజోడు టకటకమంటుంది. ఆఖరున టపటపలాడే చెప్పులు విడిచి గోడవారగా పెట్టి, నోటిని పెట్టెలో పెట్టడం కుదరదు కనుక పెదవులు బిగించుకుని, ఉత్తకాళ్ళతో లోపలికి నడిచేది.

భుజాన పట్టీతో వేలాడే బిస్కెట్ల డబ్బా మాత్రం ఆమెతోనే లోపలికి వచ్చేది. అందులో ఊళ్ళోవాళ్ళిచ్చిన డబ్బు ఉండేది. నలుగురి డబ్బును గేటు దగ్గర తాళం లేని పెట్టెలో వదిలేసి పోయే మనిషెవరైనా ఉంటారా?

షెల్టరు అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. మూతబడిన ఐసు ఫ్యాక్టరీ వెనక వరసగా ఏడు గదులు. ఉచ్చుల్లో కాళ్ళు తెగినవి, లారీల కింద నడుములు విరిగినవి, కరెంటు తీగల మీద రెక్కలు కాలినవి, అడవివీ గుట్టలవీ, అక్కడికి వస్తాయి. గదుల వెనక మనిషి పట్టేంత సందు. ప్రతి గదికీ సందువైపు గోడ అడుగున జానెడు కంత. తిండి ఆ కంతలోంచే లోపలికి తోస్తారు. పెట్టే చెయ్యి ఎవరిదో జంతువుకు కనపడకూడదు. సందు చివర ఆఫీసు గది, అందులో ఇనప బీరువా. అంటే బీరువా దగ్గరికి పోవాలంటే ఏడు కంతల పక్కనుంచీ పోవాల్సిందే.

అక్కడి రూల్సన్నీ డాక్టరమ్మ పెట్టినవే. వాటికి పేర్లు పెట్టకూడదు, గది నంబరుతోనే చెప్పుకోవాలి. మాట్లాడకూడదు. కళ్ళలోకి చూడకూడదు. వాసన సబ్బులు వాడకూడదు. చప్పుడు చేయకూడదు. కాపలా పెద్దాయన, పాతికేళ్ళు రైల్వే గేటు వేసిన మనిషి, సందులోకి అడుగుపెడితే చేతి సైగలతోనే సంసారం.

"మనల్ని చూసి అవి భయపడాలక్కా," అని చెప్పింది డాక్టరమ్మ, చేరిన మొదటి రోజే. "ఆ భయం ఒక్కటే వాటికున్న ఆస్తి. కాళ్ళూ రెక్కలూ మనం అతికించగలం. అది మాత్రం పోతే మళ్ళీ తెచ్చివ్వలేం."

డబ్బా అక్క ఆ మాట ఒట్టులా పట్టుకుంది. అసలే ఆమె మాటల మనిషి కాదు. అంతకు ముందు పంతొమ్మిదేళ్ళు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు బల్ల దగ్గర నిలబడింది. డబ్బాకు నలభై బిస్కెట్లు, పైన నూనె కాగితం, మూత, మూత మీద అరచేత్తో ఒక గుద్దు. యంత్రాల రొదలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. కొత్తవాళ్ళు ఎదురైతే నాలుక పిడచకట్టుకుపోయే మనిషికి అంతకన్నా సుఖమైన ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? ఫ్యాక్టరీ మూసేసిన రోజు జీతం బకాయి రాలేదు గానీ, గుర్తుగా ఉంచుకోమని తలా ఒక ఖాళీ డబ్బా ఇచ్చారు.

షెల్టరుకు ఆమె ఊడ్చే పని అడగడానికి పోయింది. ఊడ్చేందుకు మనిషి ఉంది, చందాలు అడిగేందుకే లేరు అంది డాక్టరమ్మ.

"నాకు అడగడం చేతకాదండీ."

"ఇక్కడ ఎవరికీ చేతకాదు. అందుకే ఇలా ఉన్నాం," అంది డాక్టరమ్మ, పొయ్యి మీద ఉడుకుతున్న సూదులు చూపించి.

మొదటి రోజు ఆమె బజారు మలుపులో గంటసేపు నిలబడింది. ఒక్క మాటా పెగల్లేదు. డబ్బాలో తనవే రెండు నాణేలు, తిరుగు బస్సుకు దాచుకున్నవి. కాళ్ళు లాగి ఇటునుంచి అటు కదిలేసరికి అవి గలగలమన్నాయి. పక్కనుంచి పోతున్న ఒకాయన తిరిగి చూశాడు. డబ్బా మీద అతికించిన కాగితం చదివాడు. జేబు తడుముకున్నాడు. ఆ క్షణాన ఆమెకు ప్రాణం లేచివచ్చింది. తను మాట్లాడనక్కర్లేదు, డబ్బా మాట్లాడుతుంది. ఇక అప్పటినుంచీ మణికట్టును మెల్లగా రెండుసార్లు ఆడించడం, ఆగడం, మళ్ళీ రెండుసార్లు. వీధులన్నీ ఆ గలగలతోనే ఆమెను గుర్తుపట్టేవి.

ఇంట్లో వదిన ఒక్కతే. అన్న పోయాక ఆడవాళ్ళిద్దరూ రెండు గదుల ఇంట్లో సర్దుకున్నారు. వదిన స్కూలు యూనిఫాంలు కుడుతుంది. మిషను పెడలు ఎంత వేగంగా తిరుగుతుందో నోరు అంతకన్నా ఒక చుట్టు ఎక్కువే తిరుగుతుంది.

"ఏమే పిల్లా, అడుక్కునేవాడికి అరవై ఊళ్ళంటారు. నీకు ఇవాల్టికి ఎన్నయ్యాయి?"

"నాకోసం అడుక్కోవట్లేదుగా వదినా."

"నీకోసమైతే నేనూ రెండు రూపాయలేద్దును. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని ఊరికే అన్నారా పెద్దలు? నీ మోకాళ్ళ నొప్పులకి మందు లేదు గానీ నక్కలకి ఆపరేషన్లట!"

అంటూనే కంచంలో ఇంకో గరిటె వడ్డించేది.

నక్క సంగతి వదిన నోట్లో అప్పటికే పడింది. అది వచ్చి వారమైంది. చెరుకు తోటల అంచున రాళ్ళు కొట్టేవాళ్ళ పేట ఉంది. ఆ పేటలోని ఒక ముసలాయన, తోటలో నక్క ఉచ్చులో పడి మూలుగుతోందని కబురు పంపించాడు. తోటవాళ్ళు పందుల కోసం వేసిన తీగ అది. కాపలా పెద్దాయన గోనెసంచీ కప్పి తెచ్చేసరికి ముందు కాలు ఎముక దాకా కోసుకుపోయి ఉంది. ఏడాది నిండిందో లేదో, ఆడనక్క. డాక్టరమ్మ రెండుసార్లు కోసి, ఇనుప పట్టీ వేసి, ఏడో గదిలో పెట్టింది. నాలుగు నెలలు పడుతుందంది. నాలుగు నెలల మాంసం, మందులు.

అసలు కష్టం అక్కడ కాదు. వచ్చినవాటిలో సగం వారం తిరక్కుండానే కళ్ళు మూసేవి. మిగతావాటిలో కొన్ని నెల, కొన్ని రెండు నెలలు. షెల్టరు తెరిచిన ఏడాదిన్నరలో ఒక్కటంటే ఒక్కటి కూడా తన కాళ్ళ మీద తను గేటు దాటి పోలేదు. చందా వేసేవాళ్ళు ఊరుకుంటారా?

"ఒక్కటన్నా అడవికి పోయిందా అక్కా?" అని అడిగేవాడు మందుల షాపు ఆయన, ప్రతి సోమవారం, చిల్లర వేసే ముందు. "ఇంతకీ మీది ఆస్పత్రా, శ్మశానమా?"

"ఈసారి నక్క ఉందండీ. కాలు అతుక్కుంటోంది."

"నక్కా! నక్కకి చందా ఏంటక్కా? జింకని చెప్పు, నోటు ఇస్తా. గోతికాడ నక్క అని మా ఆవిడ నన్ను తిట్టేదే నక్క పేరుతో. దానికి నేనే తిండి పెట్టాలా?" అని షాపులో ఉన్న నలుగురినీ నవ్వించి, నవ్వించినందుకు తనే కాస్త సిగ్గుపడి, చిల్లర వేసేవాడు.

ఇలాంటి మాటలు ఆమెకు దున్నపోతు మీద వానే. కానీ ఐసు ఫ్యాక్టరీ స్థలం ఇచ్చిన పెద్దమనుషులు కూడా అదే ప్రశ్న వేశారు. వాళ్ళ సరుకు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదట. "ఈ ఏడాది ఆఖరుకి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బతికి బయటపడిందని చూపించండి. లేకపోతే గదులు మాకు కావాలి," అన్నారు. డాక్టరమ్మ వాళ్ళకి ఏడో గది కేసు చూపించి వచ్చింది. ఆ రోజునుంచీ ఆ నక్క ఒక్క నక్క కాదు. మిగతా ఆరు గదులూ దాని తోక పట్టుకునే ఉన్నాయి.

డబ్బా అక్క రోజూ పదింటికి బయల్దేరేది. బజారు, బస్టాండు, కోర్టు మెట్లు, మేడ మీది రిటైర్డు టీచరమ్మ ఇల్లు. టీచరమ్మ మంచం దిగలేదు. డబ్బా చప్పుడు మెట్ల మీద వినపడగానే లోపలినుంచే, "రా అమ్మా, మన నక్క ఎలా ఉంది?" అనేది. ఊరు మొత్తానికి దాన్ని "మన నక్క" అన్నది ఆవిడ ఒక్కతే. తిరుగుదారిలో మాంసం కొట్టు దగ్గర ఆగితే, ఆ రోజు డబ్బాలో పడ్డదాన్ని బట్టి అతను ముక్కలు కట్టి ఇచ్చేవాడు. ఆ పొట్లం పట్టుకుని నాలుగింటికి షెల్టరు గేటు. తాళాలు, మాత్రలు, కళ్ళజోడు పెట్టె, చెప్పులు. ఆ తర్వాత ఉత్తకాళ్ళతో సందులో నడక. కాపలా పెద్దాయన ఏడో కంత దగ్గర చేయి చాపేవాడు. ఆమె పొట్లం అందించి, ఆగకుండా, తల తిప్పకుండా, ఆఫీసు గదికి పోయి డబ్బాను బీరువాలో పెట్టేది. నాలుగు నెలలు. ఆదివారాలు తప్ప ఒక్క రోజూ తప్పలేదు.

ఆ నాలుగు నెలల్లో ఆమె నక్కను చూసింది మూడుసార్లే, అదీ డాక్టరమ్మ తలుపు సందులోంచి చూపిస్తే. చూసినప్పుడల్లా అది మూలకు అంటుకుపోయి పళ్ళు బయటపెట్టేది. ఆ పళ్ళు చూసి ఆమె కడుపు నిండేది.

విడిచే ముందు ఒక పరీక్ష ఉంటుంది. కొత్త మనిషిని గది తలుపు దగ్గర నిలబెడతారు. జంతువు పారిపోవాలి. పోస్టు ఇచ్చే అతన్ని నిలబెట్టారు. నక్క గోడెక్కబోయింది. మరునాడు కాపలా పెద్దాయన మాంసం ముక్కను తన చేత్తోనే చూపించాడు. నక్క కనీసం ఆ వైపు మూతి కూడా తిప్పలేదు. డాక్టరమ్మ నిలబడి మాట్లాడింది, చప్పట్లు కొట్టింది, పేరు పెట్టి పిలిచినట్టు పిలిచింది. నక్క మూలలోంచి కదల్లేదు. "పాస్," అంది డాక్టరమ్మ. షెల్టరులో చేరాక ఆవిడ నవ్వగా డబ్బా అక్క చూడటం అదే మొదలు.

తెల్లవారుజామున, చెరుకు తోటల అవతల గుట్ట దగ్గర, ఉచ్చు పడిన చోటికి దగ్గరలోనే బోను తలుపు ఎత్తారు. డబ్బా అక్క కూడా పోయింది. డబ్బా బీరువాలో ఉంది. నక్క బయటికి వచ్చి, నేల వాసన చూసి, అతికిన కాలు ఒకసారి విదిలించి, పొదల్లోకి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇక ఆ తర్వాతి పదకొండు రోజులూ ఆమెను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. నాలుక పిడచకట్టుకుపోయే మనిషి కాస్తా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది.

"వెనక్కి తిరిగి కూడా చూడలేదండీ!"

"ఎంత విశ్వాసం లేని నక్క! నాలుగు నెలలు తిండి పెడితే?" అన్నాడు మందుల షాపు ఆయన.

"అయ్యో, అదేనండీ కావాల్సింది! విశ్వాసం ఉంటే చచ్చేది."

ఆయన అర్థం కాక తల గోక్కుని, మొదటిసారి నోటు వేశాడు. టీచరమ్మ ఆ ముక్క మూడుసార్లు చెప్పించుకుంది. స్థలం పెద్దమనుషులు సరే చూద్దాం అన్నారు. ఇంట్లో వదిన మిషను ఆపి, కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏదీ, కాలు చూపించు. నక్కతోక తొక్కినట్టున్నావే!" అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

పన్నెండో రోజు ఆమెకు రాళ్ళు కొట్టేవాళ్ళ పేట గుర్తుకొచ్చింది. కబురు పంపింది ఆ ముసలాయనేగా. నక్క బాగైందని చెప్పాలి. తోటల్లో ఉచ్చులు కనపడితే తీసేయమని చెప్పాలి. ఇచ్చేవాళ్ళుంటే నాలుగు నాణేలు కూడా పోగవుతాయి. బజారు ముగించుకుని, డబ్బా భుజాన వేసుకుని, బస్సెక్కి, దిగి, తోటల గట్టు మీద నడిచి పేటకు చేరేసరికి నాలుగు కావస్తోంది.

పేట అంటే పాతిక ఇళ్ళు. మధ్యలో కొళాయి. కొళాయి చుట్టూ బిందెలు, బిందెల వెనక ఆడవాళ్ళు. మగవాళ్ళు అప్పుడే క్వారీనుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు. అంతమందిని ఒక్కసారి చూసేసరికి ఆమె నోరు మళ్ళీ పాత నోరైపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. అలవాటు చొప్పున మణికట్టు ఆడించింది. గలగల. ఆగింది. గలగల.

"ఎవరమ్మా నువ్వు? ఏం అమ్ముతావు?" అంది బిందె నింపుకుంటున్న ఒకావిడ.

"అమ్మడానికి కాదండీ... నక్క..."

"నక్కా?"

"అదుగో!" అని ఎవరో అరిచారు.

చెరుకు తోట అంచున అది నిలబడి ఉంది. పట్టపగలు. చెవులు నిక్కించి, తల కొద్దిగా వంచి. ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వెనక్కి తగ్గారు. నక్క ముందుకు నడిచింది. పరుగు కాదు, నడక. ముందు కాలు కొంచెం కుంటుతూ. అది మనుషులెవరివైపూ చూడలేదు. ఆమెవైపు కూడా చూడలేదు. కొళాయి పక్కనున్న మొదటి ఇంటి గోడ దగ్గరికి పోయింది. ఆ గోడ అడుగున స్నానాల నీళ్ళు పోయే జానెడు కంత ఉంది. దాని ముందు కూర్చుని, మూతి కంతకు ఆనించి, ఎదురుచూసింది.

డబ్బా అక్కకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. గేటు దగ్గర రోజూ తాళాలు తీసి పెట్టింది. మాత్రలు తీసింది. చెప్పులు విడిచింది. రోజూ నాలుగింటికి, సందు మొదటినుంచి చివరిదాకా, భుజాన ఈ డబ్బా మాత్రం గలగలమంటూనే ఉంది. గలగలమన్న కాసేపటికి కంతలోంచి మాంసం వచ్చేది.

"పిచ్చినక్క! పగలు వచ్చిందంటే పిచ్చిదే! లోపల పసిపిల్ల ఉంది!" అని ఆ ఇంటావిడ గుండెలు బాదుకుంది. మగవాళ్ళు దొరికినవి అందుకున్నారు. గునపాలు, పారలు, సమ్మెట కర్రలు.

"కొట్టొద్దు! పిచ్చిది కాదు! మాది!" అంటూ ఆమె పరుగెత్తింది. జన్మలో అంత గట్టిగా అరిచి ఎరగదు. పరుగెత్తుతుంటే అడుగు అడుగుకీ తుంటి మీద డబ్బా ఎగిరెగిరి పడుతోంది, గలగల, గలగల. నక్క చెవులు అటు తిరిగాయి. మొదటి దెబ్బ గురి తప్పి పక్కన నేల మీద పడ్డప్పుడు అది లేచింది. చెరుకు తోట పది బారల దూరం. పారిపోవడానికి దారి ఉంది, సమయమూ ఉంది. కానీ డబ్బా మోగుతూనే ఉంది. అది మళ్ళీ కంత దగ్గర కూర్చుంది.

డబ్బాను అక్కడే విసిరేయాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, పరుగులో ఆమె చేసింది ఒక్కటే. పట్టీ జారిపోకుండా గట్టిగా పట్టుకుంది. నలుగురి డబ్బు మరి.

అంతా అయ్యాక పేట ముసలాయన దగ్గరికి వచ్చి, వంగి, ముందు కాలి మచ్చ చూశాడు.

"ఇది అదేనా? నేను కబురు పెట్టిందేనా?"

ఆమె తల ఊపింది.

"మరి బాగైతే మనుషుల దగ్గరికి ఎందుకొచ్చిందమ్మా? దూరంగా పోవాలి కదా. మాకేం తెలుసు? పిల్లలున్న ఇళ్ళు."

ఆయన గొంతులో తప్పు పట్టడం లేదు, తప్పు ఒప్పుకోవడమూ లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆమె దగ్గర జవాబు ఉంది గానీ నోరు లేదు. ఇందాక నక్కను చూసి గుండెలు బాదుకున్న ఇంటావిడ నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. డబ్బా అక్క తాగాక, ఆవిడ ఏం చేయాలో తోచక, కొంగు ముడి విప్పి ఒక నాణెం తీసింది. "చందాకేగా అమ్మా వచ్చావు," అని డబ్బాలో వేసింది.

ఆ నాణెం అడుక్కి పడ్డ చప్పుడు విని డబ్బా అక్క డబ్బాను కదలకుండా రెండు చేతులతో గుండెలకు అదిమి పట్టుకుంది.

డాక్టరమ్మ బండి వేసుకుని వచ్చి నక్కను గోనెసంచీలోనే షెల్టరుకు తీసుకుపోయింది. బల్ల మీద పెట్టి, అన్నిటికన్నా ముందుగా ఆ కాలు పట్టుకుని చూసింది. ఎముక అతుకు మీద వేలు పెట్టి నిమిరింది. "చక్కగా అతుక్కుంది," అంది, ఎవరితోనో. డబ్బా అక్క తలుపు దగ్గర నిలబడి సందు సంగతి, కంత సంగతి, డబ్బా సంగతి చెప్పింది. చెప్పడం అయ్యాక తిడతారని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"నేనూ రోజూ విన్నాను కదక్కా," అంది డాక్టరమ్మ. "నాలుగైంది, నువ్వు వచ్చావు అనుకునేదాన్ని. అంతే. అదో చప్పుడని నాకూ తోచలేదు."

కాపలా పెద్దాయన ఏడో గది కడిగి, కంతకు అడ్డంగా ఇటుక పెట్టాడు.

ఇంటికి వచ్చాక వదిన ఆమె మొహం చూసి మిషను ఆపింది. సంగతంతా విని, ఒక్క సామెతా లేకుండా కూర్చుంది. ఆ ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు. "ఊళ్ళో ఎవరికీ చెప్పకే," అంది. "గుట్ట మీద హాయిగా తిరుగుతోందని చెప్పు. చచ్చిన నక్క వచ్చి సాక్ష్యం చెప్పదుగా. ఆరు గదులు నిలబడతాయి."

"పెద్దమనుషులకి డాక్టరమ్మ చెప్పేసింది వదినా."

"ఆవిడకేం పుట్టింది?"

"అడిగారు. చెప్పింది."

డబ్బా అక్క కూడా మందుల షాపు ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఈసారి ఆయన ఎవర్నీ నవ్వించలేదు. "పోనీలే అక్కా, నక్కే కదా," అన్నాడు, ఓదార్పుగానే. తర్వాతి సోమవారం చిల్లర వేశాడు. ఆ తర్వాతి సోమవారం షాపులో రద్దీగా ఉంది. ఆ తర్వాత ఆమే ఆ వైపు పోవడం మానుకుంది. టీచరమ్మకు మాత్రం చెప్పలేకపోయింది. మెట్లెక్కి, మంచం దగ్గర నిలబడి, చెప్పాలనే నోరు తెరిచింది. "వెనక్కి తిరిగి చూడలేదన్నావు కదూ?" అంది టీచరమ్మ, కళ్ళు మూసుకుని, ఇష్టమైన పాట అడిగినట్టు.

"లేదండీ," అంది డబ్బా అక్క. "చూడలేదు."

ఏడాది తిరక్కుండా స్థలం పెద్దమనుషులు నాలుగు గదులు తీసేసుకున్నారు. వాటిలో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీ పీపాలు ఉన్నాయి. సరుకు దించే లారీల మోత సందు చివరిదాకా వినపడుతుంది. మిగిలిన మూడు గదుల్లోకి వచ్చినవాటిని డాక్టరమ్మ చూస్తూనే ఉంది. అవి చనిపోతూనే ఉన్నాయి. ఏడో గదిలో కరెంటు తీగ తగిలి ఒక రెక్క తీసేసిన గద్ద ఉంది. అది ఎటూ పోయేది కాదు, కనుక దాని ముందు ఎవరు మాట్లాడినా ఫర్వాలేదంటుంది డాక్టరమ్మ. అయినా ఎవరూ మాట్లాడరు.

డబ్బా ఇప్పుడు వదిన మిషను కింద ఉంది, అందులో గుండీలు వేసుకుంటుంది. వదినే యూనిఫాం గుడ్డ మిగిలితే దాంతో ఒక సంచీ కుట్టి ఇచ్చింది, రెండు పొరలు వేసి, లోపల దూది పెట్టి, నాణెం మీద నాణెం పడినా వినపడకుండా. "ఎంత ఊపినా మోగదు, చూసుకో," అని తనే ఊపి చూపించింది. చప్పుడు లేకపోయేసరికి బజారు మలుపులో ఎవరూ తిరిగి చూడరు. చందా కావాలంటే నోరు తెరిచి అడగాలి. "ఏమండీ" అనే మాట ఆమె గొంతులోంచి బయటికి వచ్చేలోగా మనుషులు దాటిపోతారు. పాతవాళ్ళు కొందరు గుర్తుపట్టి ఆగుతారు. "డబ్బా ఏదక్కా?" అని అడుగుతారు. పాడైపోయిందని చెబుతుంది.

ఆమెకు ఇప్పుడు యాభై రెండేళ్ళు. ఆదివారం తప్ప రోజూ పదింటికి ఆ గుడ్డసంచీతో బయల్దేరి, నాలుగింటికి షెల్టరుకు తిరిగి వస్తుంది.